పసుపు స్టూలుకి ఏ జిగురు

మూడో అంతస్తు, కుట్టు మిషను పక్కన
మార్చి 9

అన్నయ్యకి,

నేను, జిగురుని, రాస్తున్నాను. మన రిపేరు కొట్లో నీ చొక్కా పట్టుకుని వదలకుండా తిరిగేదాన్నని నాన్న పెట్టిన పేరు. ఈ పేరుతో పిలిచేవాడివి ఇక నువ్వొక్కడివే మిగిలావు కాబట్టి ఇలాగే మొదలుపెడుతున్నాను.

ఫోను చేతిలో పెట్టుకుని ఉత్తరమేమిటని వదిన నవ్వుతుంది. నవ్వనీ. ఫోనులో నువ్వు ఆ, ఆ అంటావు, నేను అరవాలి. ఆకురాయి మిషను పక్కన ముప్పై ఏళ్ళు కూర్చున్న చెవులు మరి. అరిస్తే ముందు గదిలో ఉన్న నీ మేనకోడలికి వినబడుతుంది. దానికి వినబడకూడని మాటలేమీ లేవు కానీ, ఈ మధ్య నా గొంతు వింటేనే లేచి తలుపేసుకుంటోంది.

ఆయన పోయి ఈ రోజుకి నలభై ఎనిమిది రోజులు. నేను లెక్కపెట్టడం లేదు. పొద్దున్నే కాఫీ రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి మళ్ళీ గిన్నెలోకి వంపేటప్పుడు అంకె దానంతటదే గుర్తొస్తోంది. బడి నుంచి ఒక మనిషి వచ్చి ఆయన బల్ల సొరుగులో వస్తువులు ఒక అట్టపెట్టెలో ఇచ్చి వెళ్ళాడు. అందులో ఏముందో తెలుసా, ఇరవై రెండేళ్ళ గుమాస్తా ఉద్యోగానికి మిగిలింది రెండు రబ్బరు ముద్రలూ ఒక గోళ్ళ కత్తెరా.

సరే, అసలు పని. ఇంట్లో పసుపు రంగు ప్లాస్టిక్ స్టూలు ఉంది కదా, నాలుగు కాళ్ళది. దానికి ఒక కాలు పైన పీట దగ్గరే విరిగి ఊడొచ్చింది. ఏ జిగురుతో అతికించాలి? బట్టలు ఉతికేటప్పుడు కూర్చోడానికి అది లేక నడుం పడిపోతోంది. కింది వీధి హార్డువేరు కొట్టులో ఎనిమిది రకాల ట్యూబులు వేలాడదీశాడు. ఏది అడిగినా ఏనుగునైనా అతికిస్తుందమ్మా అంటున్నాడు. నాకు ఏనుగు లేదు, స్టూలే ఉంది. నువ్వు చెప్పింది కొంటాను.

వదినని అడిగానని చెప్పు.

నీ
జిగురు


కొట్టు నుంచి, మధ్యాహ్నం
మార్చి 16

చెల్లీ,

నీ ఉత్తరం చేరింది. రెండు గ్లాసుల సంగతి చదివి మీ వదిన లోపలికి వెళ్ళిపోయింది.

ఇక స్టూలు. జిగురు కొనేముందు ప్లాస్టిక్ ఏ జాతిదో తెలియాలి. మనుషుల్లాగే అన్నీ ఒకేలా కనబడతాయి, ఒకటి అతుక్కుంటుంది, ఒకటి చచ్చినా అతుక్కోదు. విరిగిన అంచు నుంచి చాకుతో సన్నటి పెచ్చు తీసి గ్లాసు నీళ్ళలో వెయ్యి. మునిగితే గట్టి రకం, దానికి రెండు ట్యూబులు కలిపి పూసే జిగురు పట్టుకుంటుంది. పైపుల రకమైతే, పైపుల జిగురు దాని పైపొరని కొంచెం కరిగించి రెండు ముక్కల్నీ కలిపేస్తుంది. తేలితే మాత్రం అది నూనె రాసినట్టుండే రకం. గోరుతో గీకితే మైనంలా గీత పడుతుంది. దానికి జిగురు పట్టదు. పట్టినట్టు నటిస్తుంది.

స్టూలు తిరగేసి చూడు, ముక్కోణంలో ఏదైనా అంకె అచ్చయి ఉంటుంది. ఆ అంకె రాయి. ఇంకేమైనా గుర్తు ఉంటే అదీ రాయి. చిన్న ట్యూబులో వచ్చే, వేలికి తగిలితే వేలే అంటుకుపోయే జిగురు మాత్రం వాడకు. తొందరపడి కొనొద్దు. నింపాదిగా చూసి రాయి.

అది ఎప్పుడు విరిగింది? ఎవరైనా ఎక్కారా?

మేనకోడల్ని ఏమీ అనకు. పదిహేడేళ్ళకి తండ్రి పోవడమంటే దానికి ప్రపంచమే పోయినట్టు. పరీక్షలు బాగా రాసిందా? ఇక్కడి కాలేజీలో నర్సు చదువుకి దరఖాస్తు పెడతానని ఫోనులో మీ వదినతో అందట. మా ఇంట్లోనే ఉండి చదువుకుంటుంది, నువ్వేం ఆలోచించకు.

అన్నయ్య


మూడో అంతస్తు
మార్చి 27

అన్నయ్యకి,

నువ్వు చెప్పినట్టే చేశాను. పెచ్చు తేలింది. మునిగితే బాగుండునని వేలితో నొక్కాను కూడా. మళ్ళీ పైకొచ్చింది. గోరు గీత పడింది. ముక్కోణంలో ఐదు ఉంది. అది తప్ప ఇంకే గుర్తూ లేదు.

నీ ఉత్తరం రాకముందే ఆగలేక పైపుల జిగురు కొనేశాను. తిట్టకు. హార్డువేరు ఆయన అంత ధీమాగా చెప్పాడు. పూసి, తాడుతో బిగించి, ఒక రోజంతా కదపకుండా ఉంచాను. మర్నాడు తాడు విప్పగానే కాలు మర్యాదగా ఊడి చేతిలోకొచ్చింది. కొట్టుకి వెళ్ళి చూపిస్తే, మీరు పూయడం రాక అన్నాడు. మా ఆయన ఉండి ఉంటే ఆ కొట్టువాడితో అరగంట మాట్లాడి, టీ తాగి, ఇంకో ట్యూబు కొనుక్కుని వచ్చేవారు. నేను దెబ్బలాడి వచ్చాను.

ఒక సంగతి అర్థం కాలేదు. విరిగిన చోట ముందే ఏదో ఆరిపోయిన పొర ఉంది. గాజులా పెళుసుగా, గోరు పెట్టి లాగితే రేకులా లేచి వస్తోంది. దాని చుట్టూ తెల్లగా బూజు పట్టినట్టుంది. పైగా అంచు పొడుగునా గరుకు కాగితంతో రుద్దినట్టు నున్నగా ఉంది. ఎవరో దీన్ని ఇదివరకే ఒకసారి అతికించారు. నేను కాదు. ఆయనకి గోడకి క్యాలెండరు తగిలించడమే రాదు. మరి ఎవరు? కొన్నప్పుడే అతుకు ముక్క అంటగట్టారా?

ఎప్పుడు విరిగిందని అడిగావు. ఈ మధ్యనే.

పరీక్షలు బాగానే రాసిందనుకుంటాను. నాతో చెప్పదు. నన్ను అమ్మా అని పిలవడం మానేసింది. ఇదిగో అంటుంది. ఇదిగో, పాలు అయిపోయాయి. ఇదిగో, నేను బయటికి వెళ్తున్నా. నా పేరు ఇప్పుడు ఇదిగో.

నీ
జిగురు


కొట్టు నుంచి
ఏప్రిల్ 4

చెల్లీ,

దానికి జిగురు లేదు. పారెయ్యి.

బట్టలు ఉతకడానికి నీకు చెక్క స్టూలు ఒకటి చేయించాను. మన కొట్టు ఎదురుగా ఉన్న వడ్రంగి చేశాడు. మేకులు లేకుండా కాళ్ళు పీటలోకి దిగేసి కట్టాడు. బస్సులో వేసి పంపిస్తున్నాను, శనివారం బస్టాండులో తీసుకో. రసీదు ఇందులోనే ఉంది.

పాతది ఇంట్లో ఉంచకు. దాని మీద ఎవరూ ఏమీ పెట్టొద్దు. చెత్త తీసుకెళ్ళేవాళ్ళకి ఇచ్చెయ్యి.

పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

అన్నయ్య


మూడో అంతస్తు
ఏప్రిల్ 15

అన్నయ్యకి,

చెక్క స్టూలు అందింది. బాగుంది. నువ్వు పంపినవి ఎప్పుడు బాగుండలేదు గనక. కానీ నేను అడిగింది స్టూలు కాదు.

నాలుగు ముక్కల ఉత్తరం రాసి పని ఎక్కువగా ఉందంటావా? నాన్న కొట్లో పని ఎక్కువగా ఉన్న రోజున కూడా నువ్వు ఒక బకెట్టు పిడి గురించి గంటసేపు ఉపన్యాసం ఇచ్చేవాడివి. నా మీద విసుగొచ్చిందా? రావచ్చు. ఈ ఇంట్లో అందరికీ వచ్చింది, ఆ మాటకొస్తే నాకూ వచ్చింది.

పారెయ్యమన్నావు. పారెయ్యలేను. ఎందుకో నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. చదివాక ఏం చేస్తావో నీ ఇష్టం.

ఆయన కళ్ళు తిరిగి పడలేదు, అన్నయ్యా. మీ అందరికీ అలాగే చెప్పాను. ఆ స్టూలు మీద నుంచి పడ్డారు. ఆ రోజు పరదాలు నానబెడదామని అటక మీది పెద్ద బేసిను దింపమన్నాను. రేపు చూద్దాంలే అన్నారు. ఎప్పుడూ రేపేనా అన్నాను. నిచ్చెన తెస్తానన్నారు, పక్క వాటావాళ్ళ దగ్గరికి వెళ్ళి ఒక బేసిను కోసం నిచ్చెన అడుక్కుంటారా అన్నాను. ఎదురుగా స్టూలు పెట్టుకుని, ఒక స్టూలు ఎక్కడానికి ఇంత రాద్ధాంతమా, మీ వల్ల ఏ పనైనా ఒక్కసారిలో అయ్యిందా అన్నాను. ఈ మాటలు నా నోట్లోంచి వచ్చినవి వచ్చినట్టు రాస్తున్నాను. ఆయన స్టూలు వంక చూశారు, నా వంక చూశారు. ఎక్కారు. చెయ్యి పైకెత్తగానే కాలు విరిగింది. వంటింటి గట్టు అంచు తలకి తగిలింది. మూడో రోజుకి పోయారు.

పిల్ల ముందు గదిలో చదువుకుంటోంది. అన్నీ విన్నది.

మీరంతా వెళ్ళిపోయాక స్నానాలగది తలుపు వెనక నేను దాచిన స్టూలుని తీసుకొచ్చి ముందు గదిలో గోడకి ఆనించి పెట్టింది. విరిగిన కాలు పక్కనే. నువ్వే ఎక్కించావు అంది. ఆ ఒక్క మాటే అంది. అప్పటినుంచి నేను దాన్ని ఎక్కడ పెట్టినా మళ్ళీ తెచ్చి అక్కడే పెడుతోంది. అన్నం తినేటప్పుడు అది స్టూలుని చూస్తుంది, తర్వాత నన్ను చూస్తుంది.

అందుకే అతికించాలి. అతికించి నాలుగు కాళ్ళ మీద నిలబెడితే అది మామూలు స్టూలైపోతుందనీ, కొన్నాళ్ళకి పిల్ల కళ్ళు అటు వెళ్ళడం మానేస్తాయనీ. పిచ్చి ఆలోచనే. ఇంతకన్నా మంచి ఆలోచన నాకు రాలేదు.

జిగురు పట్టదంటే ఇంకేదైనా దారి చెప్పు. నీకు తెలియకుండా ఉండదు.

నీ
చెల్లి


ఇంటి నుంచి, కొట్టు మూసి
మే 18

చెల్లీ,

నెల దాటింది. ఈ ఉత్తరం ఐదుసార్లు మొదలుపెట్టి చించాను. ఇది ఆరోది. ఎలా ఉంటే అలా పంపేస్తాను.

ఆ స్టూలు అతికించింది నేను.

జనవరిలో మీ మిక్సీ బాగుచేయడానికి వచ్చాను కదా, ఆదివారం పొద్దున్న నువ్వు ఇంకా లేవలేదు. బావ నన్ను మెల్లిగా వెనక వసారాలోకి పిలిచాడు. స్టూలు కాలు విరిగి ఉంది. ముందురోజు సాయంత్రం దాని మీద అడ్డంగా కూర్చుని కాలిగోళ్ళు తీసుకుంటుంటే పటుక్కుమందట. కాలు చేత్తో పట్టుకుని దొంగలా నిలబడ్డాడు. మీ చెల్లి లేచేలోపు ఏదో ఒకటి చెయ్యి బావా, చూసిందంటే నా బరువు మీద వారం రోజులు పాఠం చెబుతుంది అన్నాడు. ఇద్దరం నోరు మూసుకుని నవ్వుకున్నాం. చిన్న ట్యూబు జిగురు ఆయన దగ్గరే ఉంది, ఎప్పుడు కొన్నాడో.

దానికి జిగురు పట్టదని నాకు చేత్తో ముట్టుకోగానే తెలుసు. దానికి తీగతో కుట్లు వేసి, అదే రకం ప్లాస్టిక్ ముక్కని వేడి కడ్డీతో కరిగించి పూడ్చాలి. ఆ కడ్డీ కొట్లో ఉండిపోయింది. వచ్చేసారి తెస్తాను, అందాకా ఊరికే నిలబడేట్టు చేస్తానని అతికించాను. మొక్క కుండీ పెట్టుకో, మనిషి మాత్రం ఎక్కొద్దు అన్నాను. నా పొట్ట చూసి కూడా నేను ఎక్కుతాననుకుంటున్నావా అన్నాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. అతుకు గీత కనబడుతోంది. నాన్న కొట్లో పెరిగినదానివి, నీ కంటికి గీత కనబడితే నా పరువేం కాను అని, సంచిలోంచి గరుకు కాగితం తీసి రుద్దాను. వేలు పెట్టి చూసినా తెలియకుండా చేశాను. బావ, నీ చేతిలో ఏదో మహిమ ఉంది అన్నాడు. నాకు సంబరం వేసింది. చెల్లీ, విరిగినదాన్ని విరిగినట్టే వదిలేసి ఉంటే ఎవరూ ఎక్కేవాళ్ళు కాదు. అది బాగున్నట్టు కనబడేలా చేసింది నేను.

నాన్న నియమం తప్పలేదు, అది ఒక్కటే చెప్పుకోగలను. సగం పని చేసిన వస్తువు ఏదైనా, పని పూర్తయ్యేదాకా దాని అడుగున నీలం సుద్దతో ఇంటూ గుర్తు వెయ్యాలి కదా. ఆ గుర్తు ఉన్న వస్తువుని మన కొట్లో పసిపిల్లవి నువ్వు కూడా ముట్టుకునేదానివి కాదు. స్టూలు తిరగేసి ఇంత పెద్ద ఇంటూ గీశాను. నువ్వు ఊడ్చేటప్పుడు ఎలాగూ తిరగేస్తావు, చూస్తే నీకు తెలిసిపోతుంది, బావ గుట్టు నాలుగు రోజుల్లో బయటపడుతుందని లోలోపల నవ్వుకున్నాను కూడా. ఆ గుర్తు ఏమైందో నాకు తెలియదు. అడుగున ఏమీ లేదని నువ్వు రాసినప్పటినుంచి అదే ఆలోచిస్తున్నాను.

నీ మొదటి ఉత్తరం చదవగానే నాకు తెలుసు. అయినా పెచ్చు తీసి నీళ్ళలో వెయ్యి, గోరుతో గీకు అని పరీక్షలు రాశాను. అవన్నీ నాకు తెలియక కాదు. ఇంకో పది రోజులు గడుస్తాయని. బావ పోయిన రోజు మీ ఇంట్లో నా కళ్ళు ఆ స్టూలు కోసమే వెతికాయి. కనబడలేదు. అడగలేదు. కళ్ళు తిరిగాయట అని ఎవరో అంటే, అమ్మయ్య అనుకున్నాను. శవం పక్కన నిలబడి అమ్మయ్య అనుకున్న మనిషిని నేను.

నీ మాట వల్ల కాదు. నా పని వల్ల. ఈ ఉత్తరం నా మేనకోడలికి చూపించు. ప్రతి ముక్కా చదవనీ. నా ఇంటికి రానంటే రాకపోనీ. నీతో మాట్లాడితే చాలు.

నువ్వు అడిగిన దారి కూడా రాస్తున్నాను. పగులుకి అటూ ఇటూ వేడి సూదితో చిల్లులు పెట్టి, సన్నటి తీగతో దగ్గర దగ్గరగా కుట్టు. బట్ట కుట్టినట్టే, నీకు నేర్పక్కర్లేదు. నిలబడుతుంది. మనిషిని మాత్రం మొయ్యదు.

అన్నయ్య


మూడో అంతస్తు
మే 30

అన్నయ్యకి,

నీ మీద కోపం రాలేదని అబద్ధం రాయను. మొదటి రోజు నువ్వు పంపిన చెక్క స్టూలుని మెట్ల మీదకి విసిరేశాను. దానికేం కాలేదు. రెండో రోజు నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. మూడో రోజు నీ ఉత్తరం పట్టుకుని ముందు గది తలుపు దాకా వెళ్ళాను. ఇదిగో చదువు, నేను కాదు, మీ మామయ్య అని చెబుదామని. నిజం చెబుతున్నాను, ఆ తలుపు దగ్గర నిలబడ్డప్పుడు నా ప్రాణం ఎంత తేలికపడిందో. నాలుగు నెలల్లో మొదటిసారి.

అప్పుడు ఆ నీలం ఇంటూ గుర్తుకొచ్చింది.

నువ్వు బస్సెక్కి వెళ్ళిన ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయన అన్నానికి కూర్చున్నారు. తెల్ల చొక్కా కుడిచేతి మణికట్టు దగ్గరంతా నీలం. పాఠాలు చెప్పేవాళ్ళకి లేని సుద్ద గుమాస్తాకి ఎందుకు, రేపు దీన్ని ఎవరు ఉతుకుతారు అన్నాను. ఆయన చెయ్యి బల్ల కిందకి దించుకుని, బళ్ళో అంటుకుని ఉంటుందిలే అన్నారు. నేను నమ్మాను. అది ఆదివారం, బడి లేదని కూడా తట్టలేదు. బట్టలు కత్తిరించే నా బల్ల మీద ఎప్పుడూ తెల్ల సుద్దే, నీలం ఉండదు.

చొక్కా అలమరలోనే ఉంది. తీసి చూశాను. రెండుసార్లు ఉతికినా మడత దగ్గర లేత నీలం పోలేదు. గుర్తు నేను చూస్తే కనిపెట్టేస్తానని ఆయనే చొక్కా చేత్తో తుడిచేశారన్నయ్యా. స్టూలు తిరగేసి కూర్చుని చిన్నపిల్లాడిలా తుడిచి ఉంటారు.

ఇక ఆ రోజు సంగతి. అది విరిగిందని ఆయనకి తెలుసు. రేపు చూద్దాం అన్నారు, నిచ్చెన అన్నారు. స్టూలు విరిగింది, ఎక్కను అన్న ఒక్క మాట మాత్రం అనలేకపోయారు. ఆ మాట నాతో అనడం కన్నా ఎక్కడమే సులువనిపించింది ఆయనకి. ఇరవై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, తన ఇంట్లో తన పెళ్ళానికి ఒక స్టూలు విరిగిందని చెప్పుకోలేకపోయాడు. నా నోరు అంత గొప్పది. ఇన్నాళ్ళూ ఆ రోజు అన్న మాటలకే ఏడ్చాను. ఇప్పుడు ఏ రోజు అన్న మాటలకి ఏడవాలో తెలియడం లేదు.

కాబట్టి పిల్ల చెప్పిందే నిజం. ఎక్కించింది నేనే. నీ ఉత్తరం దానికి చూపించలేదు, చూపించను. దానికి ఈ లోకంలో మంచివాడంటూ ఒక్కడు మిగిలాడు, అది నువ్వు. నా మీద ఎలాగూ కోపంగా ఉంది, ఆ కోపానికి నేను అలవాటుపడ్డాను. నీ మీద కూడా పెంచుకుంటే దానికి వెళ్ళడానికి ఒక ఇల్లంటూ ఉండదు.

ఫలితాలు వచ్చాయి, మంచి మార్కులే. వచ్చే ఆదివారం బస్సెక్కిస్తున్నాను. నువ్వు దానికి ఏమీ చెప్పవని నా మీద ఒట్టు వెయ్యి. పిల్లకి పొద్దున్నే తల దువ్వుకోవడం బద్ధకం, వదినని చూసుకోమను. కాఫీ తాగదు, పాలు ఇవ్వండి.

స్టూలు కుట్టాను. నువ్వు చెప్పినట్టే వేడి సూది, తీగ, పదహారు కుట్లు. నిలబడింది. ముందు గదిలోనే పెట్టాను, అది ఎక్కడ పెట్టిందో అక్కడే. అడుగున నీలం సుద్ద కొని తెచ్చి ఇంటూ గీశాను. నేను గీస్తుంటే పిల్ల తలుపు దగ్గర నిలబడి చూసింది. ఏమిటని అడగలేదు.

నీ
చెల్లి


కొట్టు నుంచి
జూన్ 19

చెల్లీ,

ఫోనులో నీ మీద వేసిన ఒట్టు తప్పాను. ముందే చెప్పేస్తున్నాను.

వచ్చిన పది రోజులూ పిల్ల బాగానే ఉంది. మీ వదిన తల దువ్వింది, పాలు తాగింది, కాలేజీలో పేరు రాయించాం. రెండుసార్లు నవ్వింది కూడా. మామయ్యా, మామయ్యా అని కొట్టు దాకా వెంట వచ్చేది. నిన్ను చూసినట్టే ఉండేది. ఆ పది రోజులూ నాకు అన్నం సయించలేదు. అది నన్ను ఎంత మంచివాడనుకుంటే నాకు అంత కష్టంగా ఉండేది.

నిన్న ఒకావిడ పగిలిన ప్లాస్టిక్ తొట్టి తెచ్చింది, పిల్లలకి స్నానం చేయించేది. పెచ్చు తీసి నీళ్ళలో వేశాను. తేలింది. దీనికి జిగురు లేదమ్మా, రేపు రండి, కుట్టి కరిగించి ఇస్తానని చెప్పి, అలవాటు చొప్పున అడుగున ఇంటూ గీశాను. పిల్ల చూస్తోంది. అమ్మ మా స్టూలుకి ఇదే గీసింది, దీనికి అర్థం ఏమిటి మామయ్యా అంది.

ఏదైనా అబద్ధం చెప్పొచ్చు. ఒకటి సిద్ధంగానే ఉంది. కానీ అది మన నాన్న కూర్చునే చోట కూర్చుని అడిగింది. పని పూర్తికాలేదు, దీన్ని నమ్మొద్దు అని అర్థం, ముందు గీసింది నేను అని చెప్పాను. ఇక ఆపలేకపోయాను. గోళ్ళు తీసుకోవడం దగ్గర్నుంచి గరుకు కాగితం దాకా అంతా చెప్పాను. మే నెలలో నేను రాసిన ఉత్తరం నువ్వు దానికి ఎందుకు చూపించలేదో కూడా చెప్పాను.

అది ఏడవలేదు. విరిగిందని నాన్నకి తెలుసా అని అడిగింది. తెలుసు అన్నాను. మరి ఎందుకు ఎక్కాడు అంది. నువ్వు కిందటి ఉత్తరంలో దాని గురించి రాసిన సంగతి నేను చెప్పలేదు. అది మీ అమ్మని అడుగు అన్నాను. అంతే. చెప్పాలో వద్దో నీ ఇష్టం, అందులో నాకు పాలు లేదు.

అప్పటినుంచి నాతో మాట్లాడలేదు. మీ వదినతో మాత్రం, కాలేజీ తెరిచాక హాస్టల్లో ఉంటానని చెప్పింది. పొద్దున్నే సంచి సర్దుకుని అమ్మ దగ్గరికి వెళ్తున్నా అంది. అమ్మ అంది. ఇదిగో అనలేదు. అది నీకు రాయాలనే ఇంతసేపూ కూర్చున్నాను.

నాతో మానేసిన మాట నీ దగ్గర మొదలుపెడితే నాకు ఆ లెక్క సరిపోతుంది.

ఈ ఉత్తరం దాని చేతికే ఇచ్చి పంపుతున్నాను. కవరు అంటించలేదు. కొట్లో ఇన్ని రకాల జిగురు ఉంది, ఏదీ తియ్యబుద్ధి కాలేదు. దారిలో చదివితే చదవనీ.

పిల్ల రాత్రి నుంచి ఏమీ తినలేదు. రాగానే ముందు అన్నం పెట్టు.

అన్నయ్య